అమెరికా మిలిటరీ బేసు కిచెన్లకి మా కుర్రాళ్ళని పంపే ఏజెంట్లకి ఒక పాత వంటవాడి బహిరంగ లేఖ

ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం, గిరిసోల వైపు తెలుగు ఇళ్ళలోంచి గల్ఫ్‌కి కుర్రాళ్ళని పంపే ఏజెంట్ బాబులందరికీ నమస్కారం.

లైసెన్సున్న ఆఫీసు ఎక్కడో ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటుంది. దాని బోర్డు మావాళ్ళెవరూ చూడరు. మాకు తెలిసింది మీరే. పాస్‌పోర్టు కాపీ అడిగేది మీరు, మెడికల్‌కి తీసుకెళ్ళేది మీరు, డబ్బు లెక్కపెట్టుకునేదీ మీరే. మీలో కొందరి పెళ్ళిళ్ళకి నేను వంట కూడా చేశాను. అందుకే పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరికి వారికి తెలుస్తుంది.

ఈ మధ్య ఫోన్లలో తిరుగుతున్న ప్రకటన ఒకటి నా దాకా వచ్చింది. "అమెరికన్ బేస్, కువైట్. కుక్, కిచెన్ హెల్పర్, సాలడ్ మ్యాన్, డిష్ వాషర్ కావలెను. ఫుడ్, రూమ్ ఫ్రీ." జీతం గురించి, వీసా గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ "ఫుడ్ ఫ్రీ" దగ్గర ఆగాను. కువైట్‌లోనూ, ఆ తర్వాత అఫ్ఘానిస్తాన్‌లోనూ అమెరికా మిలిటరీ బేసుల్లో కొన్నేళ్ళు వంట చేసినవాణ్ణి. అక్కడ మనం వండేది ఒకటి, మనం తినేది ఒకటి. మీ ప్రకటనలో ఏది ఫ్రీయో లేదు. కుర్రాడు అడగడు, వాళ్ళమ్మకి అడగాలని తెలియదు. మీకైనా తెలుసో లేదో అని నాకు అనుమానం, ఎందుకంటే మీలో బేసు లోపల అడుగు పెట్టినవాళ్ళు తక్కువ. కాబట్టి ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాను.

బేసులో భోజనాల హాలుని డైనింగ్ ఫెసిలిటీ అని కాగితాల మీద రాస్తారు, అందరి నోట్లోనూ అది డీఫ్యాక్. గుమ్మం బయట ఇసుక నింపిన డ్రమ్ము ఉంటుంది. సోల్జరు తుపాకీ గొట్టం అందులోకి పెట్టి, లోపల తూటా లేదని చూసుకుని అప్పుడు వస్తాడు. రాగానే వరసగా సింకులు. చేతులు కడుక్కోనిదే ట్రే ముట్టకూడదు. ఆ తర్వాత ఒక బల్ల దగ్గర మనిషి కూర్చుని ఐడీ కార్డు స్కాన్ చేస్తాడు, లేదంటే చేతిలో మీట నొక్కుతూ తలలు లెక్కపెడతాడు. చూడ్డానికి చాలా చిన్న పని. కానీ సరుకు ఎంత రావాలి, మనుషులు ఎంతమంది ఉండాలి, కాంట్రాక్టరుకి ఎంత ముట్టాలి అన్నీ ఆ తలల లెక్క మీదే నడుస్తాయి. తిన్న తలల కంటే బిల్లు వేసిన తలలు ఎక్కువున్నాయని 2004లో పెంటగాన్ ఆడిటర్లు పట్టుకుని పెద్ద గొడవే చేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

లోపల మెయిన్ లైను మీద రోస్ట్ బీఫ్, బేక్ చేసిన చికెన్, చేప, బంగాళాదుంప ముద్ద, ఉడికించిన కూరగాయలు, ఉప్పు కారం లేని అన్నం. పక్కన షార్ట్ ఆర్డర్ లైను, అంటే బర్గర్లు, ఫ్రైస్. ఇంకోపక్క సాలడ్ బార్. చివర్లో కేకులు, ఐస్‌క్రీమ్. పొద్దున్న ఆమ్లెట్ లైను అన్నిటికంటే పొడవు, ఎందుకంటే అక్కడ ఎవరికి కావలసింది వాళ్ళకి కళ్ళముందే వేసిస్తాం. ఫ్రిజ్‌ల నిండా పాల డబ్బాలు, జ్యూసులు, గేటరేడ్. ఆల్కహాల్ లేని బీరు కూడా ఉంటుంది. ఆ దేశాల్లో ఉన్నంతకాలం అమెరికా సోల్జర్లకి మందు నిషేధం, జనరల్ ఆర్డర్ నంబర్ 1 అని దానికో పేరు. వారానికోసారి స్టేక్, లాబ్‌స్టర్ పెట్టే రాత్రి లైను గుమ్మం బయటికి వెళ్ళిపోయేది. గోపాల్‌పూర్ ఒడ్డున లాబ్‌స్టర్ వలలో పడితే కొడుకు నోట్లో పెట్టకుండా ఎక్స్‌పోర్టు వాడికి అమ్ముకునే ఇళ్ళ పిల్లలు అక్కడ ట్రేలకి ట్రేలు వడ్డిస్తారు.

పూటలు మూడు అనుకుంటారేమో, నాలుగు. రాత్రి డ్యూటీ వాళ్ళకి అర్ధరాత్రి భోజనం ఉంటుంది. అంటే పొయ్యి చల్లారేది లేదు. మాకు షిఫ్టు 12 గంటలు, వారానికి ఏడు రోజులు.

వంట పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. నేను ఇక్కడ పెళ్ళిళ్ళకి వండేటప్పుడు గుండిగ చూసి ఉప్పు వేసేవాణ్ణి. అక్కడ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ రెసిపీ సర్వీస్ అని అమెరికా సైన్యాలన్నిటికీ కలిపి వంట కార్డులున్నాయి. ప్రతి కార్డూ 100 మందికి లెక్క. పౌండ్లు, ఔన్సులు, ఫారెన్‌హీట్ డిగ్రీలు. చికెన్ ముక్క మధ్యలో 165 డిగ్రీలు, మన లెక్కలో 74, తగలాలి. వేడి పదార్థం 135 కంటే కిందికి దిగకూడదు, చల్లటిది 41 కంటే పైకి పోకూడదు. పెన్ను పెట్టుకునే జేబులో థర్మామీటరు పెట్టుకుని తిరిగేవాణ్ణి. సరుకు బయట బజారులో కొనడానికి వీల్లేదు, వాళ్ళు ఆమోదించిన చోట్ల నుంచే రావాలి. ఆ తనిఖీ చేసేది సైన్యంలోని పశువుల డాక్టర్ల విభాగం. లెట్యూస్ ఆకుని పశువుల డాక్టరు చూడడమేమిటని మావాళ్ళు మొదట్లో నవ్వుకునేవారు. ఇంకో తమాషా ఏంటంటే, ఒంటికి మంచివైన వంటకాలకి పచ్చ చీటీ, మధ్యరకానికి పసుపు, తగ్గించాల్సినవాటికి ఎరుపు పెడతారు. ఖాళీ అయ్యే వరసలో ముందు ఎప్పుడూ ఎరుపే.

నవంబరులో నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. టర్కీ కోడి, గుమ్మడికాయ పై, ఆ రోజు పెద్ద ఆఫీసర్లే లైన్లో నిలబడి సోల్జర్లకి వడ్డిస్తారు. హాలు అలంకరణ మాత్రం మనవాళ్ళది. మా బ్యాచ్‌లో బరంపురం కుర్రాడొకడు ఉండేవాడు, ఠాకురాణి అమ్మవారి యాత్రకి వీధి రథాలకి బొమ్మలు చేసే ఇంటి పిల్లాడు. పుచ్చకాయ మీద గద్ద చెక్కితే రెక్కల ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. కల్నల్ దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటోలో కుర్రాడు లేడు, అప్పటికి వాడు వెనక గిన్నెల దగ్గర ఉన్నాడు.

ఇంత విందు మధ్య 12 గంటలు నిలబడే మనిషి ఏం తింటాడు?

సమాధానం కంపెనీని బట్టి మారుతుంది. అదే నా బాధ. నేను మొదట చేసిన చోట సోల్జర్ల రద్దీ తగ్గాక మాకూ అదే లైన్లోంచి పెట్టుకోవడానికి ఒప్పుకునేవారు. బల్లలు వేరు, తిండి అదే. వాళ్ళని తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండోచోట, పని అదే, యూనిఫామ్ రంగు కూడా దాదాపు అదే, కానీ మమ్మల్ని పెట్టుకున్నది కింది కాంట్రాక్టరు. వాడి క్యాంపులో వాడి మెస్సు. పల్చటి పప్పు, పొద్దున్న వండిన అన్నం, వారంలో కొన్ని రోజులు చికెన్ అని పిలిచే మెడ ముక్కల పులుసు. డబ్బాలు వ్యానులో వచ్చేవి. వ్యాను గేటు దగ్గర తనిఖీలో ఆగిపోయిన రోజు బిస్కెట్లు తిని గ్రిల్ ముందు నిలబడేవాళ్ళం.

అక్కడి దృశ్యం ఒకటి మీకు చూపించాలి. పూట అయిపోయింది. లైను మీద రెండు లోతు ట్రేల చికెన్ మిగిలింది, ముట్టుకోనిది, ఇంకా ఆవిరి వస్తోంది. రూలు ప్రకారం దాన్ని పారేయాలి. సాలడ్ సెక్షన్ కుర్రాడు నల్ల సంచి నోరు విప్పి పట్టుకున్నాడు, నేను ట్రే వంచాను. ముక్కలు జారుతుంటే వాడి కళ్ళు సంచిలోకి చూడలేదు, నా వైపూ చూడలేదు, గోడ మీద గడియారం వైపు పెట్టుకున్నాడు. ఆ రోజు వాడు పొద్దున్నుంచి తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు. ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఉద్యోగం పోతుందా అంటే, పోయినవాళ్ళున్నారు.

ఆ రూలుకి కారణం లేకపోలేదు. వేడిలో ఎక్కువసేపు ఉన్న మాంసం తిని ఎవరికైనా విరేచనాలైతే బేసు మొత్తానికి ముప్పు. తలల లెక్కకి అవతల ఒక్క ప్లేటు కదిలినా ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది. కాబట్టి అమెరికా సార్జంటుని నేను తిట్టను. మా వంటల మీద అజమాయిషీ చేసే సార్జంట్లు స్వయంగా వంటవాళ్ళు, చాలామంది మంచివాళ్ళు. ఒకాయన మా వ్యాను రాని రోజు చూసి పై ఆఫీసుకి కాగితం కూడా రాశాడు. కానీ మా తిండి బాధ్యత ఆయనది కాదు, మమ్మల్ని తెచ్చిన కంపెనీది. ఆ కంపెనీ ఎలాంటిదో కుర్రాణ్ణి విమానం ఎక్కించేముందు తెలుసుకోవలసింది మీరు.

ఇంకో రకం కూడా ఉంది. మెస్సు లేదు, "ఫుడ్ అలవెన్స్" అని నెలకి కొన్ని దినార్లు చేతిలో పెడతారు. పేపరు మీద ఇది బాగుంటుంది. కానీ మీకు కట్టిన డబ్బు కోసం ఇంట్లో వడ్డీకి తెచ్చి ఉంటారు. కుర్రాడు ఆ అలవెన్స్ కూడా మిగిల్చి ఇంటికి పంపేస్తాడు. రైస్ కుక్కర్‌లో అన్నం, బరంపురం నుంచి తెచ్చుకున్న మామిడికాయ ఊరగాయ, అప్పడం. మన ఊరి ఊరగాయకి, అప్పడానికి ఎంత పేరున్నా రెండు పూటలూ అవే తింటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆర్నెల్లలో కడుపులో మంట, ఏడాదిలో బీపీ. నేను చూసిన కుర్రాళ్ళలో 30 ఏళ్ళు రాకుండానే గ్యాస్ బిళ్ళలు జేబులో వేసుకు తిరిగేవాళ్ళు చాలామంది.

మధ్యలో ఒక మంచి మాట కూడా చెబుతాను, లేకపోతే అంతా ఏడుపే అనుకుంటారు. మన ఒడ్డు పిల్లలు ఎండు చేపలు పొట్లాలు కట్టి తీసుకెళ్తారు. ఆ వాసనకి క్యాంపులో గొడవలవుతాయని మేం భయపడ్డాం. తీరా పక్క గది ఫిలిప్పీన్స్ వాళ్ళు ఆ వాసన పట్టుకుని గిన్నెలతో వచ్చేశారు. వాళ్ళకీ ఎండు చేప ప్రాణమట, తుయో అంటారు, వేయించి వెనిగర్‌లో ముంచుకు తింటారు. మేం చింతపండు పులుసు పెట్టాం, వాళ్ళు వెనిగర్ తెచ్చారు. ఆ తర్వాత శుక్రవారాలు రెండు గదుల వంట ఒకటే.

ఇప్పుడు బీఫ్ సంగతి. ఇది మీరు కావాలనే దాటేస్తారని నాకు తెలుసు. "అక్కడ అంతా చికెనే బాబూ" అని చెప్పి పంపిన కుర్రాళ్ళని నేనే పనిలో పెట్టుకున్నాను. అమెరికా సోల్జరు మెనూలో బీఫ్ లేని రోజు ఉండదు. రోస్ట్, స్టేక్, బర్గర్, స్పఘెట్టీ సాస్, చిల్లీ, అన్నిట్లోనూ అదే. తినమని ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ పచ్చి మాంసం కొయ్యాలి, స్లైసర్ మీద పెట్టాలి, వండినది రుచి చూడమంటారు. నాకు అభ్యంతరం లేదు, చేతికి గ్లవ్ ఉంటే ఏ మాంసమైనా ఒకటే. అందరూ నాలాగే ఉండాలని నేను అనను. వీరభద్రుడి పూజ చేసే ఇంటి పిల్లాడొకడు మొదటి రోజే ఫ్రీజరు గదిలోంచి బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. పని చెయ్యనన్నాడు. చివరికి గిన్నెల సెక్షన్‌కి మార్చారు, కుక్‌గా వచ్చినవాడికి హెల్పర్ జీతం అయింది. వాడికి ఇక్కడే చెప్పి ఉంటే రాకపోయేవాడేమో, లేదా మనసు గట్టి చేసుకుని వచ్చేవాడు. రెండూ వాడి ఇష్టం. ఆ ఇష్టాన్ని మీరు వాడికి వదల్లేదు.

అలాగే రంజాన్. బేసు లోపల సోల్జర్లకి నాలుగు పూటలూ మామూలే. గేటు దాటితే కువైట్ చట్టం. ఉపవాస వేళల్లో బహిరంగంగా తిన్నా, నీళ్ళు తాగినా 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు, 1968 నుంచి ఉన్న చట్టం. క్యాంపు నుంచి బేసుకి బస్సులో వెళ్ళే కుర్రాడు కిటికీ పక్కన సీసా ఎత్తాడంటే అదే నేరం. ఇది చెప్పడానికి మీకు ఒక నిమిషం చాలు.

ఇంత చిన్న విషయాలకి బహిరంగ లేఖ ఎందుకని అడుగుతారేమో. బేసుల్లో పనివాళ్ళ కథలో చిన్నవిగా మొదలైనవి ఎలా ముదిరాయో లోకమంతా చూసింది. 2004 ఆగస్టులో 12 మంది నేపాలీ కుర్రాళ్ళని ఇరాక్‌లో తీవ్రవాదులు చంపేశారు. వంటపని, క్లీనింగ్ పని అని చెప్పి జోర్డాన్ దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ఇరాక్ బేసుకి తరలిస్తుంటే దారిలో దొరికిపోయారు. ఆ ఏడే మన ప్రభుత్వం ఇరాక్ వెళ్ళడాన్ని నిషేధించింది. అయినా కువైట్ వీసా మీద, దుబాయ్ వీసా మీద వెళ్ళి ఇరాక్ బేసు కిచెన్లలో తేలినవాళ్ళు ఉన్నారు. 2008 చివర్లో బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర గోడౌన్లలో వెయ్యి మంది దాకా దక్షిణాసియా మనుషులు పని లేక, జీతం లేక నెలల తరబడి ఉండిపోయారు. 2010 మేలో అదే బాగ్దాద్‌లోని అమెరికా బేసులో వెయ్యి మందికి పైగా పనివాళ్ళు తిరగబడి క్యాంపు పగలగొట్టారు. వాళ్ళలో మన దేశం వాళ్ళూ, నేపాల్ వాళ్ళూ ఉన్నారు. గొడవ మొదలైంది రాత్రి భోజనం దగ్గర, అన్నం అందరికీ సరిపోకపోవడంతో. పక్కనే అదే బేసులో సోల్జర్లకి ఐస్‌క్రీమ్ ఎన్ని రకాలో లెక్కలేదు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో మీలో కొందరికి తెలియకపోవచ్చు. మన గోళాబంధలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, అలాంటిచోట సైన్యంలోనే చేరిన వంటవాళ్ళు ఉంటారు. అమెరికా వాళ్ళకీ సైనిక వంటవాళ్ళు ఉన్నారు కానీ, విదేశీ బేసుల్లో వంట, లాండ్రీ, కరెంటు లాంటి పనులు బయటి కంపెనీలకి ఇచ్చే పద్ధతి 1985లో పెట్టుకున్నారు. లాగ్‌క్యాప్ అని దాని పేరు. 1992లో సోమాలియాలో పెద్దగా మొదలై, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలతో మన దాకా వచ్చింది. పెద్ద కంపెనీ కింద చిన్న కంపెనీ, దాని కింద ఇంకోటి, దాని కింద ముంబై ఆఫీసు, దాని కింద మీరు. ఒక్కో మెట్టు దగ్గరా కాస్త కాస్త గీకేస్తే చివర కంచంలో మిగిలేది ఆ పల్చటి పప్పే.

ఆ గీకడంలో మీ వాటా గురించి కూడా మాట్లాడుకుందాం. మన దేశం రూలు ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోవలసింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లైసెన్సు లేని సబ్ ఏజెంటు అనేవాడికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో చోటే లేదు. ఇక బేసు ఉద్యోగానికైతే 2012 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు ఒబామా ఇచ్చిన ఉత్తర్వు ఉంది. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులో, ఎన్ని మెట్ల కింద ఉన్న కంపెనీ అయినా, పనివాడి దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు, పాస్‌పోర్టు లాక్కుని దాచకూడదు, జీతం గురించి గానీ ఉండే పరిస్థితుల గురించి గానీ అబద్ధం చెప్పి తీసుకురాకూడదు. దాన్ని అనుసరించి వచ్చిన నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది. పని పత్రం ఇవ్వాల్సిన చోట అది పనివాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, బయల్దేరడానికి కనీసం ఐదు రోజుల ముందే చేతికి రావాలి. మన పిల్లలకి అర్థమయ్యే భాషంటే తెలుగు, కాదంటే ఒడియా. భువనేశ్వర్ ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర ఇంగ్లీషు, అరబ్బీ కాగితాల మీద సంతకం పెట్టించి లోపలికి తోసెయ్యడం కాదు.

మీరు తీసుకునేది 30,000 కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. పై ఆఫీసు వాళ్ళు మీ దగ్గర కూడా లాగుతారని, మీకు మిగిలేది అంతంతమాత్రమని ఒకరిద్దరు నాతో చెప్పారు. నమ్ముతాను. కానీ ఆ అప్పు వడ్డీ చివరికి కుర్రాడి అలవెన్స్‌లోంచి, అంటే వాడి కంచంలోంచే తీరుతుంది.

ఒక మాట వేరే విషయమనిపించినా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మళ్ళీ ఎవరు చెబుతారో తెలియదు. కిచెన్లో దెబ్బ తగలడానికి బాంబులే పడనక్కర్లేదు. ఫ్రయర్ నూనె, తడి నేల, స్లైసర్ బ్లేడు చాలు. 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ అని అమెరికా చట్టం ఉంది. వాళ్ళ విదేశీ బేసులో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు ఏ దేశస్థుడైనా, పనిలో గాయపడితే వైద్యం ఖర్చు, పరిహారం ఇన్సూరెన్సు నుంచి రావాలి. చనిపోతే భార్యాపిల్లలకి రావాలి. గాయం సంగతి 30 రోజుల్లోగా తెలియజేయాలి, క్లెయిమ్ ఏడాదిలోగా వెయ్యాలి. మన ప్రభుత్వం వైపు నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన అని 10 లక్షల పాలసీ ఉంది. పదో తరగతి పాసవ్వని కుర్రాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికి వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు, ఉంటుంది కదా, వాళ్ళకి అది తప్పనిసరి. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు. నూనె పడి మోచేతి దాకా కాలిన మనిషిని మందుల బిళ్ళలిచ్చి విమానం ఎక్కించి పంపేస్తే, ఆ అమెరికా చట్టం ఉందని కూడా తెలియక ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి వైద్యం చేయించుకున్న ఇల్లు మా వీధి పక్కనే ఉంది. ఏడాది ఎప్పుడో దాటిపోయింది.

మిమ్మల్ని ఈ పని మానేయమని అడగడం లేదు. మానేస్తే మా పిల్లలకి సూరత్ మగ్గాలే గతి, అదెంత సుఖమో గంజాం జిల్లాలో చెప్పక్కర్లేదు. బేసు వంటపని చెడ్డపని కూడా కాదు. నేను శుభ్రం నేర్చుకున్నది అక్కడే, కొలతలు నేర్చుకున్నదీ అక్కడే. ఇల్లు కట్టాను. ఇవాళ నా క్యాటరింగ్‌లో పెళ్ళివారు పులిసిన కూర తిన్నారని ఎవరూ అనలేదంటే ఆ థర్మామీటరు పుణ్యమే.

అడిగేది తిండి గురించి, అది కూడా కాగితం మీద. "ఫుడ్ ఫ్రీ" అన్న రెండు ముక్కల బదులు, తెలుగులో పూర్తిగా రాయించండి. తిండి పెట్టేది ఎవరు, పెద్ద కంపెనీయా కింది కాంట్రాక్టరా. పనిచేసే డీఫ్యాక్‌లోనే తినొచ్చా, క్యాంపు మెస్సులోనా, లేక అలవెన్సా. అలవెన్స్ అయితే నెలకి ఎన్ని దినార్లు, జీతంలో కలిపా విడిగానా, గదిలో వండుకోనిస్తారా. 12 గంటల షిఫ్టులో భోజనానికి ఎంతసేపు వదుల్తారు. వ్యాను రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. బీఫ్ ముట్టుకోవాల్సిన సెక్షన్ అవునా కాదా. ముంబై ఆఫీసు వాడు ఇవన్నీ రాయడం కుదరదంటే, అక్కడ ఎలా ఉందో వాడికీ తెలియదన్నమాట. తెలియని చోటికి మనిషిని ఎలా పంపుతున్నారని మీరే అడగండి. మీ మాట వాడు వింటాడు, ఎందుకంటే కుర్రాళ్ళు దొరికేది మీ దగ్గరే.

తల్లులకి కూడా ఒక మాట, ఏజెంట్ బాబులు ఏమీ అనుకోవద్దు. అమ్మా, పిల్లాడి జీతం ఎంతని అడిగే ముందు రాత్రి పూట ఏం పెడతారని అడగండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

దసరా తర్వాత ఇంకో బ్యాచ్ వెళ్తోందని విన్నాను. డబ్బు కట్టకముందే ఆ కాగితాలు తీసుకుని గోపాల్‌పూర్ లైట్‌హౌస్ దగ్గరికి రండి. బేసుల్లో చేసి వచ్చిన వంటవాళ్ళం కొంతమందిమి ఆదివారం సాయంత్రాలు అక్కడే కూర్చుంటాం. మీరూ, కుర్రాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ కలిసి వస్తే మంచిది. చదివి, బాగుంటే బాగుందనే చెబుతాం, మీ వ్యాపారానికీ అది మంచిదే. తిండి గురించిన గడి ఖాళీగా ఉంటే మాత్రం అడ్వాన్స్ ఇవ్వొద్దని మీ ఎదురుగానే చెబుతాం.

ఇట్లు,
గోపాల్‌పూర్ నుంచి ఒక పాత బేసు వంటవాడు